విదేశాల్లో ఇంగ్లీషు చెప్పడానికి ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి? సెల్టానా, ట్రినిటీనా, ఆన్‌లైన్ 120 గంటలా?

బడిగంట:
అందరికీ నమస్కారం. ఎంఏ ఇంగ్లీషు, బీఎడ్ ఉన్నాయి. ఇంటర్ స్థాయిలో 4 ఏళ్లు బోధన. వియత్నాం గానీ గల్ఫ్ గానీ వెళ్లి ఇంగ్లీషు చెప్పాలని ఉంది. ప్రకటనల్లో 120 గంటల ఆన్‌లైన్ టెఫ్ల్ (ఇంగ్లీషుని విదేశీ భాషగా బోధించడం) కోర్సు కొన్ని వేల రూపాయలకే కనిపిస్తోంది. కేంబ్రిడ్జ్ వాళ్ల బోధన సర్టిఫికెట్ సెల్టాకి ఒక సెంటర్ వాళ్లు లక్షా అరవై వేలు చెప్పారు. సెల్టా కూడా 120 గంటలే అంటున్నారు. మరి అంత తేడా ఎందుకు? నాలాంటివాళ్లకి ఏది పనికొస్తుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

సుద్దముక్క:
బడిగంట గారూ, "120 గంటలు" అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఆ రెండు 120లూ ఒకటి కావు.

చవక ఆన్‌లైన్ కోర్సులో 120 గంటలంటే మీరు ఒక్కరే కూర్చుని వీడియోలు చూసి, పాఠాలు చదివి, చివర్లో టిక్కులు పెట్టే సమయం. వేగంగా చదివేవాళ్లు 30 గంటల్లో ముగించినా చేతికి వచ్చేది 120 గంటల సర్టిఫికెట్టే. సెల్టాలో 120 గంటలంటే ట్యూటర్‌తో, తోటి ట్రెయినీలతో, నేర్చుకునేవాళ్లతో గడిపే సమయం. ఇంటి దగ్గర రాసుకునేది, ప్లాన్ చేసుకునేది దానికి అదనం.

లోపల ఏముంటుందో చూడండి. మీరు 6 గంటలు నిజమైన విద్యార్థులకి పాఠం చెప్పాలి, అదీ కనీసం రెండు స్థాయిల వాళ్లకి. ప్రతి పాఠాన్నీ ట్యూటర్ వెనక కూర్చుని చూసి, రాతపూర్వకంగా ఫీడ్‌బ్యాక్ ఇస్తారు. అనుభవం ఉన్న టీచర్ల పాఠాలు మీరు మరో 6 గంటలు చూడాలి. 750 నుంచి 1000 పదాల అసైన్‌మెంట్లు నాలుగు ఉంటాయి: ఒక విద్యార్థిని ఎంచుకుని అతని అవసరాలు విశ్లేషించడం, భాషాంశాల విశ్లేషణ, చదవడం, వినడం లాంటి నైపుణ్యాల మీద పాఠం తయారీ, తరగతిలో నేర్చుకున్నదాని మీద స్వీయ సమీక్ష. ఒక్కోటి ఒకసారి మాత్రమే దిద్ది మళ్లీ ఇవ్వొచ్చు. నాలుగింటిలో మూడు నెగ్గాలి. ఇవన్నీ సెంటర్ వాళ్లు సరిగా చేస్తున్నారా అని కేంబ్రిడ్జ్ తరఫున బయటి అసెసర్ వచ్చి చూస్తారు.

ఫీజులో అసలు ఖర్చంతా ఆ 6 గంటలకే. ఒక ట్యూటర్ కింద ఆరుగురికి మించి ఉండకూడదు. విద్యార్థులని పోగుచేయాలి, గది చూడాలి, గంటల తరబడి పాఠాలు చూసి రాయాలి. ఏ కోర్సునైనా సరే ఒకే ప్రశ్నతో తూచండి: "నేను మనుషులకి పాఠం చెబుతుంటే ఎవరైనా చూసి, నా తప్పు నాకు చెబుతారా? ఎన్ని గంటలు?" జవాబు సున్నా అయితే అది చదువుకునే పుస్తకం కిందే లెక్క.

గోదారిగట్టు:
సుద్దముక్క గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ అది రెండో మెట్టు. మొదటి మెట్టు వీసా. ఏ దేశం మన పాస్‌పోర్టుతో ఇంగ్లీషు టీచర్ వీసా ఇస్తుందో చూసుకోకుండా లక్షన్నర కట్టడం తొందరపాటు.

దక్షిణ కొరియా భాషా బోధకుల ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. అక్కడి ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లు మీ చేతిలో సెల్టా ఉందా అని కాదు, పాస్‌పోర్టు ఏ దేశానిదని చూస్తాయి. చైనా కూడా ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టుకే మొగ్గు చూపుతుంది. పైగా 2021 జులైలో అక్కడ బడి బయటి ట్యూషన్ల మీద ఆంక్షలు పెట్టాక విదేశీ టీచర్లతో నడిచిన ఆన్‌లైన్ క్లాసుల వ్యాపారం కూలిపోయింది. "ఇంట్లో కూర్చుని చైనా పిల్లలకి చెప్పండి" అని ఇప్పటికీ ఆశ చూపే పాత ప్రకటనలు నమ్మకండి.

వియత్నాంలో వర్క్ పర్మిట్‌కి డిగ్రీ, బోధన సర్టిఫికెట్, పోలీసు క్లియరెన్స్, ఆరోగ్య పరీక్ష కావాలి. కాగితం మీద చూస్తే 120 గంటల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో కూడా పని జరుగుతుంది. అయితే వీసా వాళ్లకి సరిపోయింది స్కూలు వాళ్లకి సరిపోవాలని లేదు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల దరఖాస్తు వచ్చినప్పుడు పెద్ద సెంటర్లు వెతికేది సెల్టాని, లేదా లండన్ ట్రినిటీ కాలేజీ ఇచ్చే అలాంటి సర్టిఫికెట్‌నే. జాతీయత మీద ఉన్న అనుమానాన్ని తుడిచేసేది ఆ కాగితమే. థాయ్‌లాండ్‌లో మనలాంటివాళ్లని టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో 600 గానీ సమానమైన ఇంకో పరీక్ష స్కోరు గానీ అడుగుతారు.

గల్ఫ్ సంగతి వేరు. అక్కడ సీబీఎస్ఈ బడులకి కావలసింది మీ దగ్గరున్న ఎంఏ, బీఎడ్‌లే. ఆ ఉద్యోగాలకి సెల్టా అవసరమే లేదు. యూనివర్సిటీల ప్రిపరేటరీ ఇయర్‌లో (డిగ్రీకి ముందు ఇంగ్లీషు నేర్పే ఏడాది) చెప్పాలంటే మాత్రం ఎంఏతో పాటు సెల్టా అడుగుతారు. జీతం, సెలవులు యూనివర్సిటీల్లో మెరుగు. మీ చదువుకి ఇదే సరైన గురి అని నా అభిప్రాయం.

బడిగంట:
గోదారిగట్టు గారూ, ధన్యవాదాలు. గల్ఫ్‌లో ప్రిపరేటరీ ఇయర్ అనే దారి ఉందని నాకు తెలియదు. ఇంకో సందేహం. కొన్ని ఆన్‌లైన్ కోర్సులు "లెవెల్ 5, ప్రభుత్వ నియంత్రణలో ఉన్నది, సెల్టాతో సమానం" అంటున్నాయి. నిజమేనా?

సుద్దముక్క:
సగం నిజం. అందుకే ప్రమాదం.

ఇంగ్లండ్‌లో అర్హతలని నియంత్రించే సంస్థ ఆఫ్‌క్వాల్. దాని పట్టికలో లెవెల్ అంటే చదువు ఎంత కష్టమో చెప్పే అంకె. ఎంత పెద్ద కోర్సు, అందులో ప్రాక్టికల్ ఉందా లేదా అనేది ఆ అంకెలో ఉండదు. సెల్టా లెవెల్ 5. ట్రినిటీ సర్ట్ టీసాల్ లెవెల్ 5. ఒక్క విద్యార్థి మొహం కూడా చూడకుండా ముగిసే ఆన్‌లైన్ డిప్లొమా కూడా లెవెల్ 5 కావొచ్చు. మూడూ ఒకే మెట్టు మీద ఉన్నాయి, అంతవరకే. డ్రైవింగ్ రూల్స్ పరీక్షలో నూటికి నూరు వచ్చినవాడికీ, ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంటే బండి నడిపి చూపించినవాడికీ ఉన్నంత తేడా మిగిలే ఉంటుంది.

సరిచూసే పద్ధతి ఇది. సర్టిఫికెట్ ఇచ్చే అవార్డింగ్ సంస్థ ఎవరో కోర్సు వాళ్లని అడగండి. కోర్సు అమ్మే కంపెనీ వేరు, అవార్డింగ్ సంస్థ వేరు. ఆ అర్హత పూర్తి పేరు, నంబరు తీసుకుని ఆఫ్‌క్వాల్ రిజిస్టర్‌లో మీరే వెతకండి. అది ఉచితం, ఎవరైనా చూడొచ్చు. అక్కడ లేకపోతే "లెవెల్ 5" అన్న మాటకి విలువ లేదు. ఉంటే, అందులో బోధన ప్రాక్టీస్ ఎన్ని గంటలో విడిగా అడగండి.

"అక్రెడిటెడ్" అన్న మాట గురించి కూడా. ప్రపంచం మొత్తానికీ టెఫ్ల్ కోర్సులని గుర్తించే ఒకే ఒక్క సంస్థ లేదు. ఎవరైనా ఒక పేరు పెట్టి, లోగో గీసి, డబ్బు తీసుకుని గుర్తింపు ఇవ్వొచ్చు. వెబ్‌సైట్ కింద ఆరు లోగోలు ఉన్నంత మాత్రాన ఒరిగేది లేదు. ఆ లోగో సంస్థ ఇంకా ఏం చేస్తుంది, ఎవరు నడుపుతారు, కోర్సుని వచ్చి చూస్తుందా అని ఆరా తీయండి.

నల్లబల్ల:
ట్రినిటీ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

ట్రినిటీ సర్ట్ టీసాల్ కనీసం 130 గంటలు. బోధన ప్రాక్టీస్ 6 గంటలు, సెల్టా అంతే. ఉద్యోగాల దగ్గర రెండింటికీ విలువ ఒకటే. బ్రిటిష్ కౌన్సిల్ ప్రకటనల్లోనూ రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.

తేడా వచ్చేది లోపల. ట్రినిటీలో "తెలియని భాష" అనే భాగం ఉంది. మీకు అసలు రాని భాషలో, ఆ భాషలోనే మాట్లాడుతూ ఒక టీచర్ మీకు నాలుగు గంటలు పాఠాలు చెబుతారు. ఏమీ అర్థం కాని చోట కూర్చుంటే బొమ్మ, సైగ, గొంతు, పదే పదే చెప్పడం ఎంత సాయం చేస్తాయో ఒంటికి తెలుస్తుంది. దాని మీద జర్నల్ రాయాలి. ఇంటర్ పిల్లలకి తెలుగులో వివరించి ఇంగ్లీషు చెప్పే అలవాటున్న మన టీచర్లకి ఇంతకన్నా మంచి మందు లేదు. ఇంకొకటి, మీరు తయారుచేసి క్లాసులో వాడిన బోధన సామగ్రి గురించి బయటినుంచి వచ్చిన మోడరేటర్‌తో మాట్లాడాలి. అది ఇంటర్వ్యూలా ఉంటుంది.

సెల్టాకి సెంటర్లు ఎక్కువ, తేదీలు ఎక్కువ. ట్రినిటీ సెంటర్ దగ్గర్లో దొరికితే వదులుకోవద్దు. పేరు మీద కాకుండా సెంటర్ మీద, ట్యూటర్ల మీద నిర్ణయం తీసుకోండి.

మానేరు:
కోర్సుకి డబ్బు కట్టేముందు మన దగ్గరే ఉన్నవి కూడా చూడాలి.

హైదరాబాద్‌లో ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఇంగ్లీషు బోధన మీద దేశంలో అంత లోతుగా పనిచేసిన చోటు మరొకటి లేదు. దూరవిద్యలో ఇంగ్లీషు బోధన మీద పీజీ సర్టిఫికెట్ (పీజీసీటీఈ), దాని తర్వాత పీజీ డిప్లొమా (పీజీడీటీఈ) చేసే పద్ధతి అక్కడిదే. ధ్వనిశాస్త్రం, వ్యాకరణం, బోధన పద్ధతులు గట్టిగా చెబుతారు. ఇగ్నోలో ఇంగ్లీషుని ద్వితీయ భాషగా బోధించడం మీద ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఫీజు తక్కువ.

ఇవి జ్ఞానానికి గొప్పవి, మన కాలేజీల్లో గౌరవం ఉన్నవి. హనోయ్‌లో స్కూలు నడిపేవాళ్లకి ఈ పేర్లు తెలియవు, అంతే. అటువైపు, ఇక్కడ సర్కారు బడిలో చేరాలంటే బీఎడ్, టెట్, డీఎస్సీ దారే. సెల్టా ఎంత బాగా చేసినా బీఎడ్‌కి ప్రత్యామ్నాయం కాదు. రెండు లోకాలు వేరు.

మధ్యేమార్గం టీకేటీ అనే బోధన పరిజ్ఞాన పరీక్ష. ఇదీ కేంబ్రిడ్జ్‌దే. మూడు మాడ్యూళ్లు, ఒక్కోటి 80 ప్రశ్నలు, 80 నిమిషాలు, అన్నీ జవాబు ఎంచుకునేవే. పాస్, ఫెయిల్ లేదు. 1 నుంచి 4 దాకా బ్యాండ్ ఇస్తారు. విడివిడిగా ఎప్పుడైనా రాయొచ్చు. పాఠం చెప్పి చూపించేది ఏమీ ఉండదు కాబట్టి సెల్టాకి బదులు కాదు. అయితే సెల్టాకి ముందు పరిభాష పట్టుబడటానికి బాగా పనికొస్తుంది.

పలకాబలపం:
సెల్టాకి డబ్బు కడితే సీటు రాదు, వడపోత ఉంటుంది. దాని గురించి చెబుతాను. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఇక్కడే తడబడతారు.

దరఖాస్తుతో పాటు భాష మీద ఒక టాస్క్ ఇస్తారు. తర్వాత ఇంటర్వ్యూ. వ్యాకరణ నియమం అప్పజెప్పడం కాదు వాళ్లు అడిగేది. రెండు వాక్యాలు ఇచ్చి అర్థంలో తేడా చెప్పమంటారు, దాన్ని విద్యార్థికి ఎలా చెబుతారో అడుగుతారు. ఇంగ్లీషు స్థాయి ఐరోపా కొలతలో అన్నిటికన్నా పైదైన సీ2, లేదా దాని కింది సీ1లో పై అంచున ఉండాలి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. "ఐ యూజ్డ్ టు లివ్ ఇన్ గుంటూర్." దీన్ని మూడు వైపుల నుంచి విప్పాలి: అర్థం, రూపం, ఉచ్చారణ.

అర్థం: గతంలో చాలాకాలం ఉన్నది, ఇప్పుడు లేదు. విద్యార్థికి అర్థమైందో లేదో తేల్చుకోవడానికి "డూ యూ అండర్‌స్టాండ్?" అని అడగకూడదు. అందరూ తల ఊపుతారు. అడగాల్సినవి ఇవి: నేను ఇప్పుడు గుంటూరులో ఉన్నానా? లేదు. ముందు ఉన్నానా? ఉన్నాను. ఒక్క రోజా, చాలాకాలమా? చాలాకాలం. ప్రశ్నలో మళ్లీ "యూజ్డ్ టు" రాకూడదు, వస్తే పరీక్షించినట్టు కాదు. ప్రశ్నలు చిన్నవిగా, అవును కాదు అనో ఒక్క మాటలోనో జవాబు వచ్చేలా ఉండాలి.

రూపం: ప్రశ్నలోనూ వ్యతిరేకంలోనూ "డిడ్" వస్తుంది, అప్పుడు "యూజ్డ్"లో చివరి "డ్" రాతలో పోతుంది. తర్వాత క్రియ మామూలు రూపమే. "యూజ్డ్ టు లివింగ్" అంటే అర్థమే మారిపోతుంది, అది అలవాటుపడటం.

ఉచ్చారణ: ఇక్కడ "జ్" ధ్వని ఉండదు. వాడటం అనే అర్థంలో "యూజ్" వేరు. ఇది "యూస్టు"లా కలిసిపోతుంది, "డ్" వినబడదు, చివరి "టు" బలహీనంగా "టె"కి దగ్గరగా వస్తుంది. పుస్తకంలో ఉన్నట్టు విడివిడి ముక్కలుగా పలికి నేర్పితే విద్యార్థి రేపు బయట విన్నప్పుడు పట్టుకోలేడు.

తెలుగుతో పోల్చితే ఇంకో సంగతి తెలుస్తుంది. "రోజూ కాఫీ తాగేదాన్ని" అన్నదానికి "యూజ్డ్ టు" సరిగ్గా సరిపోతుంది. కానీ "మీరు పిలిచి ఉంటే వచ్చేదాన్ని" అన్నప్పుడు అదే రూపం వేరే పని చేస్తోంది. అందుకే మన పిల్లలు "ఇఫ్ యూ కాల్డ్, ఐ యూజ్డ్ టు కమ్" అని రాస్తారు. తప్పు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలగడమే భాషా అవగాహన. ఇంటర్వ్యూలో ఇలాంటి జవాబు ఇస్తే మాతృభాష ప్రశ్న మళ్లీ రాదు.

గోదారిగట్టు:
పలకాబలపం గారూ, చాలా బాగా విప్పారు. ఉచ్చారణ గురించి ఇంకాస్త రాయండి, మనవాళ్లకి యాస మీద లేనిపోని భయం ఉంది.

పలకాబలపం:
యాస ఉండటం తప్పు కాదు. ఎదుటివాళ్లకి అర్థమవుతోందా అన్నదే కొలత. కానీ కొన్ని చోట్ల మాట మాటే మారిపోతుంది, అవి సరిచేసుకోవాలి.

తెలుగులో "వ" ఒక్కటే. ఇంగ్లీషులో రెండు. ద్రాక్షతీగకి వాడే "వైన్"లో పై పళ్లు కింది పెదవికి తగలాలి. తాగే "వైన్"లో పళ్లు తగలకూడదు, పెదవులు గుండ్రంగా ముడవాలి. అద్దం ముందు పెట్టుకుని సాధన చేస్తే తొందరగా వస్తుంది. "జ" కూడా అంతే: "జీరో"లో మొదటి ధ్వని "జీప్"లోది కాదు, "స"ని గొంతు మోగిస్తూ పలికితే వచ్చేది. "ఎగ్"ని "యెగ్" అనడం, "ఓన్లీ"ని "వోన్లీ" అనడం, హల్లుతో ముగిసే మాటకి "ఉ" తగిలించడం మన నోటి అలవాట్లు.

వీటన్నిటికన్నా పెద్దది పదంలో ఊనిక, అంటే ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. "ఫోటోగ్రాఫ్"లో ఊనిక మొదటి అక్షరం మీద, "ఫొటోగ్రఫర్"లో రెండోదాని మీద, "ఫోటోగ్రాఫిక్"లో మూడోదాని మీద. ఊనిక లేని అచ్చు నలిగిపోతుంది. తెలుగులో అన్ని అక్షరాలనీ ఇంచుమించు సమానంగా పలుకుతాం కాబట్టి ఇది చెవికి కొత్త. కోర్సు మొదలయ్యేనాటికి ధ్వని లిపి (ఉచ్చారణని గుర్తులతో రాసే పద్ధతి) చదవడం, రాయడం వచ్చి ఉండాలి. రోజుకి ఇరవై నిమిషాల చొప్పున నెల చాలు.

మనకి ఒక బలం కూడా ఉంది. "అతను టీచర్" అంటాం, మధ్యలో క్రియ ఉండదు. అరబిక్‌లో కూడా అంతే. వాళ్లు "హీ టీచర్" అని ఎందుకంటారో మనకి వెంటనే తడుతుంది. అరబిక్‌లో "ప" లేదు కాబట్టి "పార్క్" "బార్క్" అవుతుంది. వియత్నాం వాళ్లు మాట చివరి హల్లు మింగేస్తారు. "ఫైవ్", "ఫైన్", "ఫైట్" మూడూ ఒకేలా వినిపిస్తాయి. పాఠం ప్లాన్‌లో "ఎదురయ్యే ఇబ్బందులు" అనే గడి ఉంటుంది, అక్కడ రాయాల్సింది ఇలాంటివే. "కొత్త పదాలు కష్టం కావొచ్చు" అని రాస్తే మార్కు పోయినట్టే.

సుద్దముక్క:
ఫెయిలయ్యేవాళ్లు ఎక్కడ ఫెయిలవుతారో కూడా చెప్పుకోవాలి. ఇంగ్లీషు రాక కాదు. అనుభవం ఉన్న టీచర్లు కూడా ఇరుక్కునేది మూడు నాలుగు చోట్ల.

ఎక్కువ మాట్లాడటం. మన కాలేజీల్లో మంచి లెక్చరర్ అంటే గంట సేపు ధారాళంగా చెప్పేవాడు. అక్కడ అదే లోపం. విద్యార్థులు మాట్లాడాలి. వాళ్లు చెప్పిన ప్రతి జవాబునీ మీరు మళ్లీ పలకడం కూడా మానుకోవాలి. అలా చేస్తే ఒకరి మాట ఒకరు వినడం మానేసి మీ గొంతు కోసమే చూస్తారు.

సూచనలు. "ఇప్పుడు నేను మీకు ఒక కాగితం ఇస్తాను, అందులో కొన్ని వాక్యాలు ఉంటాయి, వాటిని మీరేం చేయాలంటే..." ఇంత పొడుగు వద్దు. ముందు జంటలు చేయండి, చేయాల్సిన పని రెండు చిన్న వాక్యాల్లో చెప్పండి, ఒకటి చేసి చూపించండి, అప్పుడు కాగితం ఇవ్వండి. కాగితం ముందే ఇస్తే మీ మాట ఎవరూ వినరు.

సమయం. 45 నిమిషాల వ్యాకరణ పాఠాన్ని ఇలా పంచుకోవచ్చు: సందర్భం పరిచయం 5, చిన్న పాఠ్యం చదివి సారాంశం పట్టడం 7, అందులోంచి భాషాంశం తీసి విప్పడం 10, ఖాళీలు పూరించడం లాంటి అదుపులో ఉన్న సాధన 8, స్వేచ్ఛగా మాట్లాడే సాధన 10, తప్పులు బోర్డు మీద పెట్టి దిద్దడం 5. చాలామందికి విప్పి చెప్పడమే 25 నిమిషాలు మింగేస్తుంది. చివరి మాట్లాడే భాగం ఎగిరిపోతుంది, పాఠం లక్ష్యం నెరవేరలేదని రాస్తారు. ఆలస్యమవుతోందని అనిపిస్తే మధ్యలోని ఖాళీల వ్యాయామాన్ని సగానికి కోయండి, చివరి భాగాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

నాలుగోది, ఫీడ్‌బ్యాక్ తీసుకోలేకపోవడం. ట్యూటర్ చెప్పిన లోపం తర్వాతి పాఠంలో మళ్లీ కనిపిస్తే అది పెద్ద మచ్చ. కోర్సు సగంలో ట్యూటర్ ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ప్రమాణానికి తగ్గట్టు ఉన్నారా లేదా చెప్పి, రాసి ఇస్తారు. అక్కడ "తగ్గట్టు లేరు" అని వచ్చినా కంగారు పడకుండా అందులో రాసిన రెండు మూడు అంశాలనే పట్టుకుని దిద్దుకుంటే గట్టెక్కవచ్చు. ఫుల్‌టైమ్ కోర్సు నాలుగైదు వారాలు. ఆ రోజుల్లో ఇంకో పని పెట్టుకోకండి. ఉద్యోగం చేస్తూ అయితే పార్ట్‌టైమ్ మంచిది.

బడిగంట:
చాలా విలువైన వివరాలు. అందరికీ కృతజ్ఞతలు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే సెల్టా గురించి కూడా చెబుతారా? ఊరు వదిలి నెల రోజులు వెళ్లడం కష్టం.

నల్లబల్ల:
2020 నుంచి పూర్తి ఆన్‌లైన్ సెల్టా కూడా ఉంది. పాఠాలు జూమ్‌లో నిజమైన విద్యార్థులకే చెబుతారు, ట్యూటర్ చూస్తారు, ప్రమాణాలు అవే, సర్టిఫికెట్ కూడా అదే. చవక ఆన్‌లైన్ టెఫ్ల్‌తో దీన్ని కలిపి చూడొద్దు.

ఒక్క లోటు. గదిలో నలభై కళ్ల ముందు నిలబడటం, బోర్డుని పంచుకుని రాయడం, బల్లల మధ్య తిరుగుతూ వినడం జూమ్‌లో రావు. మీకు 4 ఏళ్ల తరగతి అనుభవం ఉంది కాబట్టి ఆ లోటు తక్కువ. తరగతి గది ఎరగని కొత్తవాళ్లకి మాత్రం నేను ముఖాముఖి కోర్సే చెబుతాను. ఇంటర్వ్యూలో కొందరు "ప్రాక్టీస్ ఎలా చేశారు?" అని అడుగుతారు, దాచకుండా చెప్పండి. ఇంట్లో కరెంటు, నెట్ సంగతి ముందే చూసుకోండి. ఇన్వర్టర్ ఉండాలి, మొబైల్ డేటాతో రెండో కనెక్షన్ ఉండాలి. పాఠం మధ్యలో తెగిపోతే ఆ నిమిషాలు మీవే పోతాయి.

మంచుదారి:
కెనడా నుంచి. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకి ప్రభుత్వ ఖర్చుతో ఇంగ్లీషు నేర్పే లింక్ తరగతులు ఉన్నాయి. వాటిలో చెప్పాలంటే ఇక్కడి టెస్ల్ (ఇంగ్లీషుని ద్వితీయ భాషగా బోధించడం) గుర్తింపు కావాలి, ఒంటారియోలో అయితే టెస్ల్ ఒంటారియోది. పర్యవేక్షణలో చేసిన బోధన ప్రాక్టీస్ లేని ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఇక్కడ నడవవు. డిపెండెంట్‌గా వచ్చి ఈ వృత్తిలోకి రావాలనుకునే మన ఆడవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఇండియాలోనే కోర్సు చేసుకుని రావాలనుకుంటే, కట్టేముందు టెస్ల్ ఒంటారియోకి మెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

మానేరు:
సెల్టాతోనే ఆగకూడదనుకునేవాళ్లకి పైమెట్టు డెల్టా, ట్రినిటీలో డిప్ టీసాల్. రెండూ లెవెల్ 7. డెల్టాలో మొదటి మాడ్యూల్ రాత పరీక్ష, గంటన్నర చొప్పున రెండు పేపర్లు. రెండోది బోధన, మూడోది 4000 నుంచి 4500 పదాల పెద్ద అసైన్‌మెంట్. మూడు మాడ్యూళ్లూ ఏ వరుసలోనైనా చేయొచ్చు. కానీ సెల్టా తర్వాత రెండేళ్లయినా తరగతిలో గడపకుండా దాని జోలికి వెళ్లడం వృథా.

గోదారిగట్టు:
బడిగంట గారూ, చివరగా కాగితాల సంగతి. ఇక్కడ నెలలు పోతాయి, ఇప్పుడే మొదలుపెట్టండి.

మొదట పేరు. మన డిగ్రీల మీద ఇంటిపేరు పొట్టి అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, విడి గడిలో ఉంటుంది. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకుంటే మూడో రూపం తయారవుతుంది. సెల్టాలో చేరేటప్పుడు ఫారంలో పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా రాయండి, సర్టిఫికెట్ మీద అదే వస్తుంది. డిగ్రీకీ పాస్‌పోర్టుకీ తేడా ఉంటే ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ చేయించి పెట్టుకోండి. ఏ దేశానికైతే వెళ్తున్నారో అక్కడ అది సరిపోతుందా అని యజమానిని ముందే అడగండి.

రెండోది అటెస్టేషన్. మీ ఎంఏ, బీఎడ్‌లకి ముందు రాష్ట్ర స్థాయిలో, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ఒక దేశపు పత్రం ఇంకో దేశంలో ఒకే ముద్రతో చెల్లేలా చేసే అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది. సౌదీలో అది 2022 డిసెంబరు నుంచి అమల్లో ఉంది, ఒమన్, బహ్రెయిన్ అంతకుముందే చేరాయి. యూఏఈ, ఖతార్, కువైట్‌లకి మాత్రం అపోస్టిల్ చాలదు, ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా పడాలి. పోలీసు క్లియరెన్స్‌కి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టాలి. దాని గడువు చిన్నది కాబట్టి అన్నిటికన్నా ఆఖరున తీసుకోండి.

మూడోది చాలామందికి తెలియనిది. సెల్టా, ట్రినిటీ సర్టిఫికెట్లు బ్రిటన్ పత్రాలు. మీరు కోర్సు హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని చేసినా సరే, వాటి మీద మన విదేశాంగ శాఖ ముద్ర వేయదు. బ్రిటన్‌లో సొలిసిటర్ గానీ నోటరీ గానీ సంతకం చేశాక అక్కడి విదేశాంగ కార్యాలయం అపోస్టిల్ వేస్తుంది. ఎంబసీ ముద్ర కావలసిన దేశమైతే లండన్‌లోని ఆ దేశపు ఎంబసీలో వేయించాలి. కొరియర్, ఏజెంటు ఖర్చు ఉంటుంది, వారాలు పడుతుంది. ఒరిజినల్ ఒక్కటే ఉంటుంది కాబట్టి పంపేముందు రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోండి. ఆఫర్ లెటర్‌లో చేరే తేదీ ఖరారు చేసేటప్పుడు ఈ వారాలని లెక్కలో వేసుకునే సంతకం పెట్టండి.

బడిగంట:
పాస్‌పోర్టు తీసి చూశాను. అందులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఎంఏ మీద ఒక్క అక్షరమే ఉంది, బీఎడ్ మీద అసలు లేదు. ముందు ఈ వారం అఫిడవిట్ పని చూస్తాను. ధ్వని లిపి ఈ రోజే మొదలుపెట్టాను. ఆన్‌లైన్ సెల్టా పార్ట్‌టైమ్ తేదీలు ఉన్న రెండు సెంటర్లకి రాస్తున్నాను, ట్యూటర్లు ఎవరు, గ్రూపులో ఎంతమంది, విద్యార్థులు ఏ దేశం వాళ్లు అని అడుగుతూ. జవాబులు రాగానే ఇక్కడే పెడతాను.